మూడు ముక్కల పిట్ట

ఒక పెద్ద త్రికోణం, దాని భుజాలకు రెండు చిన్నవి. మధ్యది పక్షి, పక్కవి ఆకాశం. ముక్కు లేదు, కన్ను లేదు, తోకా లేదు. అయినా ఇలాంటివి పది వరసగా కుట్టి గోడకు తగిలిస్తే, వలస బాతుల బారు సాగిపోతున్నట్టే ఉంటుంది. అమెరికాలో ఆడవాళ్లు తరతరాలుగా కుడుతున్న ఈ క్విల్ట్ నమూనా పేరు ‘ఫ్లయింగ్ గీస్’.

క్విల్ట్ మన బొంతకు దూరపు చుట్టమే. పైన అతుకుల బట్ట, నడుమ దూది, కింద అస్తరు, మూడింటినీ పట్టి ఉంచే కుట్టు.

పిట్టకు రూపం లేకపోయినా లెక్క మాత్రం గట్టిది. వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెట్టింపు. 6 అంగుళాల బాతులు కావాలంటే 7¼ అంగుళాల చదరాన్ని ఎదురెదురు మూలలు కలిపి నాలుగుగా కోస్తారు. కొన పైన పావు అంగుళం మార్జిన్ వదలకపోతే తర్వాతి వరస కుట్టులో పిట్ట తల ఎగిరిపోతుంది! ఏటవాలుగా కోసిన అంచు ఊరికే సాగుతుంది కాబట్టి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఎత్తి ఒత్తాలి.

పారిపోయే బానిసలకు ఈ బాతులు దారి చూపే రహస్య సంకేతాలని 1999లో వచ్చిన ఒక పుస్తకం ప్రచారం చేసింది. కథ బాగుంది. ఆధారాలు లేవని చరిత్రకారులు కొట్టిపారేశారు.

1971లో మంచం మీది దుప్పటి గోడ ఎక్కింది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత క్విల్టులను నైరూప్య చిత్రాల్లా తెల్లగోడలకు వేలాడదీసింది. చూసినవాళ్లు ఆధునిక చిత్రకారులను తలచుకున్నారు. కుట్టినవారిలో చాలామంది పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. 1979లో నాన్సీ క్రో, మరికొందరు కళాకారిణులు ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో, ఒకప్పటి పశువులశాలలో ‘క్విల్ట్ నేషనల్’ మొదలుపెట్టారు. మంచానికి కాక గోడకే కుట్టే క్విల్టుకు అలా ఒక వేదిక దొరికింది.

పిట్టను బట్టముక్కల్లోకి తెచ్చే ఇదే పని పాలపిట్టతో చేస్తే? దసరానాడు జనం పొలాల వెంట వెతికే ఈ పిట్ట, తీగ మీద కూర్చున్నంతసేపూ దాదాపు మట్టిరంగే. రెక్క విప్పితే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా మెరుస్తాయి. బొమ్మ గీసి కత్తిరిస్తే అది బడిపిల్లల చార్టు అవుతుంది. పట్టుకోవాల్సింది ఆ మెరుపును. అందుకని బట్టలో ముప్పాతిక వంతు మట్టిరంగులకే వదిలెయ్యాలి, ఒక మూల నుంచి నీలాలు ఏటవాలుగా దూసుకురావాలి. ఆ నీలానికి పోచంపల్లి ఇక్కత్ ముక్కలు దొరికితే మరీ మంచిది. ఇక్కత్‌లో రంగు అంచు దగ్గర తెగదు, పక్కరంగులోకి ఒలుకుతుంది. ఎగిరే రెక్క కూడా కంటికి అలాగే కదా!

ఆ తర్వాతి పని, పొరలను కలిపే చేతికుట్టు. జత కోసం పాలపిట్ట గాలిలో పల్టీలు కొడుతూ దిగుతుంది. ఆ దారినే సుద్దముక్కతో గీసుకుని, ముక్కల అతుకులను పట్టించుకోకుండా కుట్టుకుంటూ పోవచ్చు. దారం మట్టిరంగుదైతే మట్టిరంగు బట్ట మీద కనిపించదు. నీలం పట్టీ దాటేటప్పుడు మాత్రం చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది.