నెమోకి రూమ్‌మేట్స్ కావాలా?

‘ఫైండింగ్ నెమో’ చూసి క్లౌన్ ఫిష్ కొనేద్దామనుకుంటున్నారా? ఆగండి. నేనూ అలాగే ఉప్పునీటి ట్యాంకు పెట్టిన మూడో రోజే రెండు తెచ్చేశాను. వారం తిరక్కుండానే చనిపోయాయి. నీళ్లు తేటగానే ఉన్నాయి గానీ, అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియా ఇంకా పెరగలేదు. దానికి 4-6 వారాలు పట్టొచ్చు. ఖాళీ ట్యాంకులో చిటికెడు మేత వేస్తూ ఉండండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా చేపల జోలికి వెళ్లొద్దు.

అసలు చిక్కు తోడు చేపలతోనే. ఆసెల్లారిస్ క్లౌన్ చూడ్డానికి సాధువే. ఓ మూల తనదనుకుందా, ఇంకెవర్నీ రానివ్వదు! అందుకే ఒక్క జంట చాలు. చిన్నప్పుడు ఆడా మగా తేడా ఉండదు. జంటలో పెద్దది ఆడదై పెత్తనం చేస్తుంది. కాబట్టి సైజు తేడా ఉన్న రెండు పిల్లల్ని తీసుకోండి. ఫైర్‌ఫిష్, వాచ్‌మన్ గోబీ, క్లీనర్ రొయ్య వీటితో సర్దుకుపోతాయి. ముందు వాటిని వేసి, క్లౌన్లను చివర్లో వదలండి. నీలం డామ్సెల్ చవకే, కానీ పరమ రౌడీ. లయన్ ఫిష్ అయితే మింగేస్తుంది. ఎనిమోన్ లేకపోయినా ఫర్వాలేదు.

హైడ్రోమీటర్ రీడింగ్ 1.025, నీటి వేడి 25-26 డిగ్రీలు ఉండాలి. మన ఎండాకాలంలో ఇదే కష్టం, చిల్లర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. అన్నట్టు, ఫైర్‌ఫిష్ బయటికి గెంతేస్తుంది. ట్యాంకు మీద వల మూత ఉండాల్సిందే.