గురక ఆపడానికి ఒంట్లో మిషనా?

టెక్కలి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మా నాన్నకి గురక, మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. ఛాతీలో మిషన్ పెడతారట కదా?"

పెడతారు. ఈ జబ్బు పేరు స్లీప్ అప్నియా. నిద్రలో నాలుక వెనక్కి జారి గాలిదారి మూసుకుపోతుంది. పేస్‌మేకర్ లాంటి ఈ మిషన్, నాలుకను కదిలించే నరానికి చిన్నగా కరెంటు ఇస్తుంది, నాలుక ముందుకొస్తుంది. పడుకునే ముందు రిమోట్‌తో ఆన్ చేసుకోవడమే. అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది.

కానీ ముందు నిద్ర పరీక్ష, తర్వాత సీపాప్ మాస్క్. అది పడనివాళ్లకే ఇది, అదీ అందరికీ కాదు.

మన ఉద్దానంలో ఇంకో చిక్కుంది. కిడ్నీ పాడైనవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. పగలు కాళ్లలో చేరిన నీరు, పడుకోగానే మెడవైపు వచ్చి గాలిదారిని నొక్కుతుంది. కొందరికైతే ఊపిరి తియ్యమని మెదడే చెప్పదు. అప్పుడు నాలుకను ఎంత కదిపినా లాభం లేదు. పగలంతా తూగుతుంటే మనమేమో "డయాలసిస్ నీరసంలే" అనేస్తాం.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కదా, అక్కడికెళ్తే గురక సంగతీ చెప్పండి. అమ్మను తోడు తీసుకెళ్లండి, రాత్రి ఊపిరి ఆగేది చూసేది ఆవిడే. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే ఇంకా మంచిది.