సైకిల్ మారొచ్చు, మనిషి మారకూడదు

2013 జూన్ 29న కోర్సికా దీవిలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మొదలైంది. ఆ మొదటి రోజే గెరెయింట్ థామస్ కింద పడ్డాడు. కటి ఎముక చిట్లింది. మర్నాడు తనంతట తాను సైకిలెక్కలేకపోతే పట్టుకుని ఎక్కించారు. ఆ నొప్పితోనే మూడు వారాలు తొక్కి, 140వ వాడిగా పారిస్ చేరాడు. ఆ ఏడు గెలిచింది అతని జట్టు నాయకుడు క్రిస్ ఫ్రూమ్.

ఇది విన్నవాళ్లెవరైనా అడిగేది ఒక్కటే. అంత బాధపెట్టి తొక్కించడం దేనికి, బదులుగా ఇంకొకణ్ణి దింపొచ్చుగా? దింపకూడదు. మొదటి రోజు బయల్దేరినవాళ్లే చివరిదాకా ఉండాలి. ఎవరైనా మధ్యలో ఆగిపోతే ఆ చోటు ఖాళీయే.

ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలియాలంటే పందెం నడిచే తీరు తెలియాలి. మొత్తం 21 స్టేజీలు, రెండు విశ్రాంతి రోజులతో కలిపి 23 రోజులు. ఒక్కొక్కరి టైమును రోజురోజుకూ కూడుతూ పోతారు. మొత్తం ఎవరికి తక్కువైతే పసుపు జెర్సీ వాళ్లది. ఇప్పుడు జట్టుకు 8 మంది, 2017 దాకా 9 మంది ఉండేవాళ్లు. పసుపు జెర్సీ మీద ఆశ పెట్టుకునేది వాళ్లలో ఏ ఒక్కడో. మిగతావాళ్లలో ఎక్కువమంది అతని ముందు గాలి కాసేవాళ్లు, వెనకున్న కారు దాకా వెళ్లి నీళ్ల సీసాలు మోసుకొచ్చేవాళ్లు. ఫ్రెంచి వాళ్లు పెట్టిన పేరు ‘దొమెస్తీక్’, అంటే ఇంటి పనివాడు. ముందువాడి చాటున తొక్కితే ఎంత సుఖమో, చిన్నప్పుడు ఎదురుగాలిలో బస్సు వెనకాల సైకిల్ తొక్కి తిట్లు తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

2021లో మొదటి స్టేజీ నాడే రోడ్డు పక్కన ఒక ప్రేక్షకురాలు టీవీ కెమెరాకు కనబడాలని అట్టముక్క పట్టుకుని ముందుకొచ్చింది. టోనీ మార్టిన్ దానికి తగిలి పడ్డాడు. అతని మీదుగా గుంపులో పెద్ద భాగం కుప్పకూలింది. మార్టిన్ జట్టు యుంబో-విస్మా కష్టాలు అక్కడితో ఆగలేదు. మూడో స్టేజీలో నాయకుడు రోగ్లిచ్ పడ్డాడు. కొన్నాళ్లకు అతనూ, ఆ తర్వాత మార్టిన్ కూడా తప్పుకున్నారు. పారిస్ చేరేసరికి మిగిలింది నలుగురే. ఆ నలుగురిలో వింగెగార్డ్ రెండో స్థానం తెచ్చాడు, వాన్ ఆర్ట్ మూడు స్టేజీలు గెలిచాడు, కస్ ఒకటి. అయినా సగం జట్టుతో తొక్కడం న్యాయమా అంటే, వెంటనే జవాబు చెప్పడం కష్టం.

ఈ బాధకు మందు వెతికినవాళ్లు వెనకటికే ఉన్నారు. 1928లో టూర్ సృష్టికర్త ఆన్రీ దెగ్రాంజ్ గాయపడినవాళ్ల, అలసిపోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను దించుకోవచ్చన్నాడు. బలహీన జట్లకు ఊరట దొరుకుతుందని అతని లెక్క. జరిగింది తలకిందులు. ఆ నియమాన్ని వెంటనే ఎత్తేశారు. మంచి మారుమనిషి కూడా బలమున్న జట్ల దగ్గరే ఉంటాడని దెగ్రాంజ్‌కు తట్టకపోవడం వింతే.

విచిత్రం ఏమిటంటే, ఆ ఏడాదే విజేత నికొలా ఫ్రాంట్స్ సైకిల్ రైలు పట్టాలు దాటుతుండగా విరిగింది. ఇంకా సుమారు వంద కిలోమీటర్లుంటే, ఆడవాళ్ల సైకిలొకటి దొరకబుచ్చుకుని దాని మీదే గమ్యం చేరాడు. పదిహేనేళ్ల ముందైతే అదీ కుదిరేది కాదు. 1913లో తూర్మలే కొండ దిగుతుంటే ఎజెన్ క్రిస్తోఫ్ సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. సైకిలును భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తన చేత్తోనే అతుకు వేసుకున్నాడు. కొలిమితిత్తి ఊదింది ఒక కుర్రాడని అధికారులు దానికీ పెనాల్టీ వేశారు! ఇప్పుడు జట్టు కారు నెత్తి మీద వరసగా సైకిళ్లుంటాయి. పాడైతే నిమిషంలో ఇంకొకటి. సైకిల్ విషయంలో ఇంత మెత్తబడ్డ పందెం మనిషి దగ్గర మాత్రం బిగుసుకునే ఉంది.

మనిషిని మారిస్తే ఏమవుతుందో క్రికెట్‌లో చూడండి. గల్లీ ఆటలో కాలు బెణికితే బైరన్నర్‌ను పిలిచేవాళ్లం. 2011లో అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి రన్నర్‌ను తీసేశారు. 2019లో తలకు దెబ్బ తగిలినవాళ్లకు మాత్రం పూర్తిస్థాయి సబ్‌స్టిట్యూట్‌ను ఒప్పుకున్నారు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జడేజా హెల్మెట్‌కు బంతి తగిలితే చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. ఆస్ట్రేలియా కోచ్ మొహం మాడ్చుకున్నాడు.

ఇదే సైకిల్ పందెంలో జరిగితే గొడవ ఇంకా ముదురుతుంది. అక్కడ నైపుణ్యం కన్నా విలువైనది తాజాదనం. పన్నెండో రోజు ఆల్ప్స్ ఎక్కుతున్నప్పుడు అందరి కాళ్లూ అరిగిపోయి ఉంటాయి. ఆ గుంపులోకి నిన్న రాత్రి హాయిగా నిద్రపోయినవాణ్ణి దించితే, అతనికి సొంతంగా పసుపు జెర్సీ రాకపోవచ్చు, తన నాయకుణ్ణి మాత్రం కొండ సగందాకా లాక్కుపోతాడు. ‘మోకాలు నొప్పి’ అనే మాటకు అప్పుడు ఎంత గిరాకీ వస్తుందో ఊహించుకోవచ్చు.

అవతలి వాదనలోనూ బలముంది. మారుమనిషి లేడు కాబట్టే దెబ్బతిన్నవాణ్ణి జట్టు వదలదు, అతనూ దిగడు. 2020లో నాలుగో స్థానంలో ఉన్న రొమే బార్దే పడి, లేచి, ఆ రోజు స్టేజీ పూర్తిచేశాడు. తలకు లోపల దెబ్బ తగిలిందని ఆ తర్వాత తేలింది. మర్నాడు బయల్దేరలేదు. మరుసటి సీజన్ నుంచి తలదెబ్బలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. నా లెక్కలో కాపాడవలసినది అలాంటివాణ్ణి. దానికి కావలసింది రోడ్డు పక్కనే ఆపెయ్యగల డాక్టరు. పక్క కుర్చీలో ఇంకొకడు సిద్ధంగా ఉన్నా లేకపోయినా ఆ డాక్టరు మాట చెల్లాలి.

మారుమనిషి వల్ల జట్టుకు మేలు, పడ్డవాడికి ఒరిగేదేమీ లేదు. 2023లో మార్క్ కావెండిష్ ఎనిమిదో స్టేజీలో కాలర్ బోన్ విరిగి ఇంటికెళ్లాడు. అతని బదులు ఎవరొచ్చినా అతను ఎదురుచూస్తున్న 35వ టూర్ స్టేజీ గెలుపు వచ్చేది కాదు. అది కావాలంటే ఏడాది ఆగి, 2024లో అతనే రావలసి వచ్చింది.

అయినా ఏదో ఒక సడలింపు ఇవ్వాలంటే, మొదటి మూడు స్టేజీల దాకా ఇవ్వండి. అప్పటికి అందరి కాళ్లూ దాదాపు తాజావే. ఎముక విరిగిందనో తలకు దెబ్బనో నిర్వాహకుల డాక్టరే రాయాలి, జట్టు డాక్టరు కాదు. మూడో రోజు సాయంత్రానికి ఎవరికీ ఏమీ కాకపోతే, మారుమనిషిగా హోటల్లో ఎదురుచూస్తున్న ఆ తొమ్మిదోవాడు బ్యాగు సర్దుకుని ఇంటి బండి ఎక్కాలి.