ఆటోలో వీడియో.. కరిగిపోయే డేటా

పట్టణంలో స్పష్టంగా కనిపించే వీడియో పాఠం పల్లెకు చేరగానే మసకబారుతుంది. లోపం ఫోన్‌ది కాదు. ఒకే పాఠాన్ని 144పి మొదలు 1080పి వరకు పలు నాణ్యతల్లో, కొద్ది సెకన్ల ముక్కలుగా సర్వర్‌లో ఉంచుతారు. ఒక ముక్క దిగిన వేగాన్ని ఫోన్‌లోని ప్లేయర్ లెక్కగట్టి, తర్వాతి ముక్కను తగిన నాణ్యతలో కోరుతుంది. యాపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన డాష్ ఈ తరహావే.

చిక్కంతా 'ఆటో'తోనే. అది నెట్‌వర్క్ వేగాన్ని, తెర పరిమాణాన్ని చూస్తుంది గానీ రీఛార్జిని చూడదు. సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున వచ్చే వీడియోకు గంటకు 1,350 మెగాబైట్లు ఖర్చవుతాయి. 1 మెగాబిట్ అయితే 450 చాలు. రోజుకు 1.5 జీబీతో నెట్టుకొచ్చే విద్యార్థి 360పిని స్వయంగా ఎంచుకోవడం మేలు. మరీ 144పికి దించితే బోర్డుపై అక్షరాలు అలుక్కుపోతాయి.