రీమ్యాప్ తర్వాత గేరు ఎక్కడ మార్చాలి?

ముత్తంగి దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) దిగి సంగారెడ్డి వైపు తిరిగితే, 65వ నంబరు జాతీయ రహదారి మీద బారులు తీరిన లోడు లారీలు. వాటిని దాటడానికి పికప్ చాలట్లేదని చిన్న టర్బో పెట్రోలు కారుకు రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగుల మార్పు, చేయించుకునేవాళ్లున్నారు. డబ్బు పెట్టి టార్క్ పెంచుకుంటారు గానీ గేరు మాత్రం పాత అలవాటు చొప్పునే వేస్తారు. కొందరు ప్రతి గేరునూ రెడ్‌లైన్ దాకా లాగుతారు. కొందరు టార్క్ తగ్గడం మొదలవగానే మార్చేస్తారు. లెక్క వేస్తే రెండూ నష్టమే. రీమ్యాప్‌తో గేరు మార్చాల్సిన చోటు కదులుతుంది, అదీ ఒక్కో గేరుకు ఒక్కోలా.

ముందు కంపెనీ నుంచి వచ్చిన బండినే చూద్దాం. హ్యుందాయ్ వెన్యూ 1.0 లీటర్ టర్బో ఇంజిన్‌కు కంపెనీ చెప్పే లెక్క 172 న్యూటన్ మీటర్ల టార్క్, 1500 నుంచి 4000 ఆర్‌పీఎం వరకు. పవర్ 120 పీఎస్, 6000 దగ్గర. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7023తో భాగిస్తే పీఎస్ వస్తుంది. 4000 దగ్గర 172 టార్క్ అంటే 98 పీఎస్. 6000 దగ్గర 120 పీఎస్ రావాలంటే టార్క్ 140 చాలు. అంటే ఈ మధ్యలో టార్క్ 18 శాతం పడిపోయినా పవర్ 22 పీఎస్ పెరిగింది. టార్క్ తగ్గిందని 4000 దగ్గరే గేరు మార్చేవాడు ఆ 22 పీఎస్‌ను వాడుకోకుండానే వదిలేస్తున్నాడు.

సూత్రం ఒక్కటే. ఒక వేగంలో ఏ గేరులో ఇంజిన్ ఎక్కువ పవర్ ఇస్తుందో, చక్రం దగ్గర లాగుడు ఆ గేరులోనే ఎక్కువ. కాబట్టి ఇప్పుడున్న గేరులో పవర్ పడుతూ వచ్చి, పై గేరు వేస్తే దొరికే పవర్‌తో సమానమైన క్షణమే మార్చాల్సిన క్షణం.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ. కంపెనీ టర్బోనే ఉంచి రీమ్యాప్ మాత్రమే చేసిన కారు డైనో షీటు (యంత్రం మీద కొలిచిన టార్క్ పట్టిక) ఇలా ఉందనుకుందాం. 3000 నుంచి 3500 వరకు 240 న్యూటన్ మీటర్లు, 4000 దగ్గర 232, 4500 దగ్గర 215, 5000 దగ్గర 192, 5500 దగ్గర 168, 6000 దగ్గర 145, 6500 దగ్గర 122. మధ్యలో టార్క్ దండిగా ఉంది, పైన మాత్రం చిన్న టర్బో గాలి అందించలేక చతికిలపడింది. పవర్‌లోకి మారిస్తే 4500 దగ్గర 138 పీఎస్‌తో శిఖరం. ఆ తర్వాత దిగుడే, 6000కి 124, 6500కి 113. గేరు రేషియోలు వరుసగా 3.6, 2.0, 1.35, 1.0, 0.8 అనుకుందాం.

మూడు నుంచి నాలుగుకు మార్చినప్పుడు ఆర్‌పీఎం 1.35తో భాగించినంతకు పడుతుంది. 5400 దగ్గర మారిస్తే 4000 దగ్గర దిగుతాం. ఇటు 133 పీఎస్, అటు 132. దాదాపు సమానం, అదే చోటు. అలా కాకుండా 6500 దాకా లాగితే చేతిలో ఉండేది 113 పీఎస్. అదే వేగంలో నాలుగో గేరు వేసి ఉంటే ఇంజిన్ 4800 ప్రాంతంలో తిరుగుతూ 137 ఇచ్చేది. అరుపే తప్ప లాగుడు లేదు.

మరి ఒకటి నుంచి రెండుకూ 5400 దగ్గరే మారిస్తే? ఈ రెంటి మధ్య రేషియో తేడా పెద్దది. ఇంజిన్ ఏకంగా 3000కి పడుతుంది. 133 పీఎస్ వదిలి 102 దగ్గర దిగినట్టు. ఇక్కడ 6250 దాకా ఆగాలి. రెండు నుంచి మూడుకు లెక్క 5700 దగ్గర, నాలుగు నుంచి అయిదుకు 5250 దగ్గర తేలుతుంది. 6250, 5700, 5400, 5250. గేర్లు దగ్గరవుతున్నకొద్దీ చోటు కిందికి జరుగుతోంది. అన్ని గేర్లకూ ఒకే ఆర్‌పీఎం దగ్గర షిఫ్ట్ లైటు పెట్టించుకోవడం అందుకే నాకు నచ్చదు.

పెద్ద టర్బో వేయిస్తే కథ తిరగబడుతుంది. పైన టార్క్ నిలబడుతుంది కాబట్టి చోట్లన్నీ పైకి జరుగుతాయి. అప్పుడు దిగే చోటే ముఖ్యం. టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి (బూస్ట్) పూర్తిగా అందేది 3800 నుంచి అయితే, 6250 దగ్గర రెండో గేరు వేసినవాడు 3470 దగ్గర, బూస్ట్ పూర్తిగా అందని చోట పడతాడు. 3800 మీద దిగాలంటే 6840 దాకా తిప్పాలి. ఆ వేగానికి వాల్వ్ స్ప్రింగులు తట్టుకుంటాయా అన్నది టర్బో కొనకముందే అడగాల్సిన ప్రశ్న.

ఇక మన గాలి సంగతి. పటాన్‌చెరు ఇక్రిశాట్ ప్రాంగణం సముద్ర మట్టానికి 545 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో గాలి పీడనం సుమారు 6 శాతం తక్కువ. మే ఎండలో 42 డిగ్రీలుంటే, సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గరి గాలితో పోల్చితే సాంద్రత 14 శాతం దాకా తగ్గుతుంది. మధ్య ఆర్‌పీఎంలలో టర్బో ఇంకాస్త గట్టిగా తిరిగి ఈ లోటు పూడుస్తుంది. పైన దానికి ఆ వెసులుబాటు ఉండదు. పైగా వరసగా నాలుగుసార్లు లాగితే ఇంటర్‌కూలర్ వేడెక్కుతుంది, నాకింగ్ రాకుండా ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. 5000 దగ్గర 5 శాతం, 5500 దగ్గర 8 శాతం టార్క్ పోయిందనుకోండి, మూడు నుంచి నాలుగుకు మార్చే చోటు 5400 నుంచి 5150కి దిగుతుంది. డైనో షీటు మీద ఉండేది సాధారణంగా ప్రామాణిక వాతావరణానికి సవరించిన అంకె. సవరించని అంకెలు కూడా అడిగి తీసుకోండి. టర్బో కార్లలో ఆ సవరణ వల్ల నిజానికి లేని పవర్ కనిపించవచ్చు.

చేత్తో గేరు మార్చడానికి పట్టే సమయంలో బూస్ట్ కొంత పడుతుంది కనక, లెక్కలో తేలిన చోటు కంటే 100 ఆర్‌పీఎం పైకి వెళ్లినా ఫర్వాలేదు.

మళ్లీ లారీ దగ్గరికి వద్దాం. పై ఊహా కారుకే ఫైనల్ డ్రైవ్ 4.0, టైరు 195/55 ఆర్16 అయితే 60 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ఇంజిన్ 2770 దగ్గర, రెండో గేరులో 4100 దగ్గర ఉంటుంది. మూడులో సుమారు 93 పీఎస్, రెండులో 133 పీఎస్. దాటడానికి రెండో గేరే సరైనది, 40 శాతానికి పైగా ఎక్కువ లాగుడు. అది 83 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది. మూడో గేరు 117 దాకా వెళ్తుంది, ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠ వేగ పరిమితి 120. నాలుగో గేరు చోటు 153 దగ్గర వస్తుంది. దాన్ని పరీక్షించుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ లాంటి ట్రాక్ ఉంది, రోడ్డు మీద వద్దు.

ఇంజిన్ మీద చెయ్యి వేసేముందు ఇంకో అంకె. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు చెబుతుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ట్యూనర్‌తో బేరం మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోండి.