మీకు తెలుసా? మైక్రోవేవ్‌లో పుట్టే అర్ధవాహకపు పొడి

కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం పేరు చెప్పగానే గుర్తొచ్చేది కదిరి-6 లాంటి వేరుశనగ వంగడాలు. ఆ పంట అడిగే పోషకాల్లో జింకు ఒకటి. దాని ఆక్సైడ్ ఒక అర్ధవాహకం కూడా! తిరుపతి శాస్త్రవేత్తలు సుమారు 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ రేణువులతో వేరుశనగ విత్తనశుద్ధి చేసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు ఒక గ్రాము మోతాదులో మొలక శాతం, మొక్క ఏపు రెండూ పెరిగాయి. మోతాదు రెట్టింపైతే మాత్రం ఎదుగుదల దెబ్బతింది.

ఇలాంటి రేణువులను మైక్రోవేవ్‌తో నిమిషాల్లో తయారు చేయొచ్చు. జింక్ ఎసిటేట్, క్షారం కలిపిన ద్రావణంలోని నీటి అణువులను సెకనుకు 245 కోట్ల సార్లు కంపించే తరంగాలు ఊపేస్తాయి. వేడి పాత్ర అడుగు నుంచి మెల్లగా పైకి పాకదు, ద్రవం లోపలే పుడుతుంది. అందుకే రేణువులు దాదాపు ఒకేసారి మొదలై, ఇంచుమించు ఒకే పరిమాణానికి వస్తాయి. పరిమాణం ఒకేలా రావడం చిన్న విషయం కాదు. ఉదాహరణకు, కాడ్మియం సెలెనైడ్ అనే మరో అర్ధవాహకపు రేణువు 2 నానోమీటర్లుంటే నీలంగా, 6 ఉంటే ఎర్రగా వెలుగుతుంది. క్వాంటమ్ డాట్లు అనే ఇలాంటి అతిచిన్న రేణువుల పరిశోధనకే 2023లో రసాయన నోబెల్ దక్కింది.

వంటింటి ఓవెన్‌లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి. విషవాయువులు వెలువడొచ్చు, మూసిన పాత్ర పేలొచ్చు.