ఆసు పోసే చేయి

చేతనున్న పనిముట్టును విడిచి కొత్తదానిని చేపట్టడం ఎప్పుడు ఉచితం? కొత్తదనమొక్కటే అందుకు కారణం కాజాలదు. పాతదానితో పడే శ్రమ ఎంత, కొత్తది అందులో ఎంత తీర్చగలదు అన్నది చూడాలి. ఇందుకు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి నేత చక్కని నిదర్శనం.

పోచంపల్లి చీర పేక నూలుకు కట్లు కట్టి రంగులో ముంచడానికి ముందు, దానిని మేకుల చట్రంపై ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. తరతరాలుగా ఈ పని ఎక్కువగా స్త్రీలదే. భుజాల నొప్పీ వారిదే. ఆలేరు ప్రాంతపు శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూచి, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని సిద్ధం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. దానితో చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది.

యంత్రం వస్తే కళ పోదా అని సందేహం కలగవచ్చు. అది మాన్పినది చేయి తిప్పడాన్ని మాత్రమే. నమూనాను ఊహించే బుద్ధి, కట్లు కట్టే నేర్పు మనిషి వద్దనే నిలిచాయి. అయితే దానికి పెట్టుబడి కావాలి, విద్యుత్తు కావాలి. కొద్ది చీరలు నేసే ఇంటివారు ఒంటరిగా కొనడం కంటె ఇరుగుపొరుగుతో కలిసి కొనడం మేలు.

కొనాలో మానాలో తేల్చేవారు ఒకరు, నొప్పి భరించేవారు మరొకరు అయినచోట లెక్క తప్పుతుంది. ధర చూచేవారు ఆసు పోసే భుజాన్ని కూడా లెక్కలో చేర్చాలి.